దాపుడు రోజు

కిందటి భాగంలో మత్సుయమ హాలు వెనక గుమ్మం దగ్గర మనం ఆగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. లారీలు ఖాళీ అయ్యాయి. తొంభై ఆరు చెక్కపెట్టెలు లోపలికి చేరాయి. ఆ పెట్టెల్లో నలభై ఏళ్లనాటి వీడియోగేమ్ యంత్రాలూ, వాటి బరువైన గాజు టీవీలూ ఉన్నాయి. ఆ టీవీల్లో బొమ్మని నిలబెట్టడం తెలిసిన ఒకే ఒక్క మనిషి కుజుమకి గారు మాత్రం కిందటి గురువారం ఒకయామలో ప్రదర్శన ముగిసి సర్దుతున్న పెట్టెల మధ్యే కుప్పకూలి, అక్కడి ఆసుపత్రిలో ఉండిపోయారు. శుక్రవారం ఇక్కడ ప్రదర్శన మొదలు. ఇవాళ మంగళవారం. నేను తల పట్టుకుని కూర్చున్న సమయంలో ఒక పెద్దావిడ చేతిలో గుడ్డమూటతో వచ్చి, "ఇక్కడ మినెగిషి గారంటే ఎవరండీ?" అని అడిగారు.

నేనే. మినెగిషి చిహారుని. ఊరూరా తిరిగే ఈ ప్రదర్శనకి ఏ రోజున ఏ పని, దానికి ఎంతమంది, ఎన్ని గంటలు అని గళ్ల కాగితం మీద రంగులు వేయడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా ఒసాకా ఆఫీసులో కూర్చుని అదే చేస్తున్నాను. పనివాళ్లు నా వెనకాల నన్ను రంగుపెన్సిళ్ల మేడమ్ అంటారు. నేను వినబడనట్టు నటిస్తాను. వచ్చినావిడ ఫుసాయె గారు, కుజుమకి గారి భార్య.

ఆవిడని వెనక గదిలో కూర్చోబెట్టాను. గది అంటే పెద్ద మాట. మడత కుర్చీలు, హెల్మెట్లు, గోడకి నేను వేసిన ప్రణాళిక కాగితం. అప్పుడే పదయింది. పనివాళ్లు పది గంటల విరామానికి చేతి తొడుగులు విప్పి డబ్బా కాఫీలు తెరుస్తున్నారు. హాల్లో మా కుర్రకారు ఇద్దరు పాత టీవీ ఒకటి వెలిగించి చూస్తున్నారు. బొమ్మ పైకి పాకుతూ పోతోంది. కుజుమకి గారైతే వెనక్కి వెళ్లి ఏదో ఒకటి అరచుట్టు తిప్పేవారు, బొమ్మ బుద్ధిగా నిలబడేది.

ఫుసాయె గారు మూట విప్పారు. లోపల ఒకయామ స్వీట్ల పెట్టె ఉంది. రెండు చేతులతో నా ముందుకి జరిపి, నడుము వంచి నమస్కరించారు.

"పని మధ్యలో మావారు ఇలా పడిపోయి మీ అందరికీ ఇబ్బంది కలిగించారు. క్షమించండి."

మొగుడు ఆసుపత్రి మంచం మీద మాట పడిపోయి ఉంటే, ఆవిడ మాకు క్షమాపణ చెప్పి స్వీట్లు ఇస్తున్నారు. నేను కూడా వంగాను. ఎంతసేపు వంగి ఉన్నానో తెలియదు. లేస్తే ఆవిడ మొహం చూడాలి కాబట్టి లేవబుద్ధి కాలేదు.

అప్పుడే నా ఫోన్ మోగింది. మా విభాగం పెద్ద తోరిగొయె గారు. బయటికి వచ్చి మాట్లాడాను.

"మినెగిషీ, కుజుమకి గారి భార్య వచ్చారా?"

"వచ్చారు సార్. మీకెలా తెలుసు?"

"ఆసుపత్రికి ఫోన్ చేస్తే చెప్పారు. చూడు, నిన్ను అబద్ధం ఆడమని నేను అనడం లేదు. అర్థమవుతోందా? ఏం అడిగినా ఊరికే ఉండు. ప్రణాళిక కాగితం నకలు నిన్ననే ఆవిడకి పంపించాం. అందులో అన్నీ ఉన్నాయి."

"సార్, ఆ కాగితంలో ఉన్నదీ జరిగిందీ..."

"అందులో నీ సంతకం ఉంది. అది మర్చిపోకు. నేను విమానం దిగాను, టాక్సీలో ఉన్నాను. వచ్చేదాకా ఆవిడకి టీ ఇచ్చి కూర్చోబెట్టు. ఆవిడకి పంపిన ఆ కాగితం మాత్రం ఎక్కడికీ పోనివ్వకు."

ఒక పరామర్శకి ఆయన పొద్దున్నే విమానం ఎక్కడం నాకు వింతగా తోచింది. కానీ ఆ క్షణంలో ఎక్కువ ఆలోచించలేదు. టీ తీసుకుని లోపలికి వెళ్లాను.

ఫుసాయె గారు సంచీలోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టారు. అది నాదే. నా గళ్లు, నా అక్షరాలు. నకలు కాబట్టి రంగులన్నీ బూడిద రంగులోకి మారిపోయాయి.

"డాక్టరు గారు కుడిచెయ్యి తిరిగి రావడం కష్టమన్నారమ్మా. మాటా రావడం లేదు. కార్మిక కార్యాలయంవాళ్లు అడుగుతున్నారు, ఈ జబ్బు పని వల్ల వచ్చిందా, వయసు వల్ల వచ్చిందా అని. పని వల్ల అయితే వైద్యమూ, ఆ తర్వాత మా బతుకూ వాళ్లు చూస్తారట. వయసు వల్ల అయితే మా పాట్లు మేం పడాలి. ఇవాళ సాయంత్రం లోపల దరఖాస్తు ఇచ్చేద్దామని మధ్యాహ్నం రైలుకి టిక్కెట్టు తీసుకున్నాను."

"అయ్యో, ఇవాళేనా..."

"ఈ కాగితం దానికి జతచేయాలి. చేస్తే వయసు వల్లే పడిపోయారంటారు. చూడండి. ఏప్రిల్ నుంచి పది విశ్రాంతి రోజులు. పదింటికీ సంతకం బదులు ఆయన పేరు ముద్ర." ఆవిడ వేలు గళ్ల మీద నడిచింది. "ఒకయామ నుంచి మా హిమెజికి బుల్లెట్ రైల్లో ఎంతమ్మా? ఇరవై నిమిషాలు. విశ్రాంతి ఉన్న మనిషి ఇరవై నిమిషాల దూరంలో ఇల్లుండగా ఒక్కసారైనా రాడా?"

నేను టీ గ్లాసుని సర్దాను. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

"ఏప్రిల్లో కనజవ ప్రదర్శనప్పుడు డాక్టరు రక్తపోటు చూసి, వారానికి ఒక రోజు మంచం దిగొద్దన్నాడు. మావారు మీకు ఫోన్ చేశారట. నిజమేనా?"

"నిజమే."

"మీరేమన్నారు?"

"సరే అన్నాను. ఆ రోజే రాశాను కూడా. వారానికొక గడి. 'కుజుమకి – విశ్రాంతి' అని."

"రాశారు. అది చూస్తూనే ఉన్నాను." ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగితే నాకు కాస్త ఊపిరాడేది. "మీ కాగితం అక్కడికి చేరిన రాత్రి ఆయన ఫోన్లో నాతో ఏమన్నారో చెప్పనా? 'అడిగాను ఫుసాయె, ఇవ్వలేదు. నా పేరు మీద దాపుడు రోజు రాసుకుంది. పాపం, పైవాళ్లతో ఆ పిల్ల బాధ ఆ పిల్లది. నేనే సర్దుకుంటాలే' అన్నారు. ఆ దాపుడు రోజంటే ఏమిటో నాకు తెలియలేదు. ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదు. మీరు చెప్తారని వచ్చాను."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. పద్దెనిమిదేళ్లలో నేను ఎవరికీ వివరంగా చెప్పని విషయాన్ని ఆవిడకి చెప్పాల్సొచ్చింది.

మీకూ చెప్తాను. మా వృత్తిలో ప్రతి ప్రణాళికలోనూ ఒకటో రెండో దాపుడు రోజులు ఉంటాయి. సముద్రం బాగోక ఓడ ఆగచ్చు, పెట్టె పగలచ్చు, కరెంటు చాలకపోవచ్చు. అలాంటప్పుడు వాడుకోవడానికి ఒక రోజు చేతిలో ఉండాలి. కానీ కాగితం మీద 'ఖాళీ' అని రాశామా, పైవాళ్లు చటుక్కున కోసేస్తారు. నలభై మందికి ఎనిమిదేసి గంటలు మిగిలాయని సంబరపడతారు. అందుకని దానికి వేరే పేరు పెడతాం. 'నేల తుడుపు' అంటాం. 'దీపాల సర్దుబాటు' అంటాం. పనివాళ్లందరికీ సంగతి తెలుసు. ఆ పేర్లు చూసి ముసిముసిగా నవ్వుకుంటారు.

మార్చిలో నీగత ఊరికి ప్రణాళిక వేసినప్పుడు నాకు కొత్త పేరు తట్టింది. 'కుజుమకి – విశ్రాంతి'. అరవై ఆరేళ్ల మనిషి విశ్రాంతిని ఏ అధికారీ కోయడు, కోస్తే చట్టం ఊరుకోదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. నిజంగానే ఆ నెల మంచుకి లారీలు ఆగిపోతే ఆ రోజు ఆదుకుంది.

ఇదంతా చెప్పి, "కనజవ నుంచి రాసినవి మాత్రం నిజమైన విశ్రాంతులేనండీ. ఒట్టు. నేను దాచలేదు" అన్నాను.

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. మా మేస్త్రీ నెగొరో. యాభై దాటిన భారీ మనిషి, నోరు విప్పితే హాస్యం. ఇప్పుడు హెల్మెట్ చేత్తో పట్టుకుని, తల వంచుకుని ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో.

"మేడమ్, నిజమైనవని మాకెవరు చెప్పారు?" అన్నాడు.

"నెగొరో గారూ..."

"నీగతలో మీరే ఫోన్ చేశారు. 'కుజుమకి విశ్రాంతి అన్న రోజుంది కదా, వాడేసుకోండి, అది ఉత్తదే' అన్నారు. నా చెవులతో విన్నాను. ఆ తర్వాత కనజవలో అదే పేరు, అదే పసుపు రంగు. ఆహా, మేడమ్ మన కోసం మళ్లీ దాచిపెట్టారు అనుకున్నాం. ఏది ఆలస్యమైతే అది ఆ రోజులోకి తోసేశాం. ఒకయామలో ప్రారంభం శనివారం నుంచి శుక్రవారానికి జరిపారు గుర్తుందా? సహనిర్వాహకుల పెద్దాయన పంచాంగం చూసి, శనివారం బాగాలేదు, శుక్రవారమే దివ్యంగా ఉంది అన్నాడుగా. ఆ తగ్గిన రోజు ఎక్కణ్ణుంచి పుట్టించామనుకున్నారు?"

"ఆయన ఏమీ అనలేదా?"

"నవ్వారు. 'ఈ వారం నా విశ్రాంతిలో ఏం పనుందిరా?' అని స్క్రూడ్రైవర్ అందుకున్నారు. మేమూ నవ్వాం." నెగొరో ఫుసాయె గారి వైపు తిరిగి నేలదాకా వంగాడు. "అమ్మా, నవ్వాం. తప్పైపోయింది."

నేను ఇచ్చానని నేను అనుకున్నాను. ఇవ్వలేదని ఆయన అనుకున్నారు. వాడుకోమన్నానని వీళ్లు అనుకున్నారు. రెండున్నర నెలలు ఒక్క మనిషీ ఇంకొకర్ని ఒక్క ముక్క అడగలేదు. నేనైనా రోజువారీ పని చీటీలు తిరగేస్తే తెలిసేది. అవి ప్రతి వారం నా బల్ల మీదికే వచ్చేవి. ఎంతమందో చూసేదాన్ని, ఎన్ని గంటలో చూసేదాన్ని, మొత్తం సరిపోతే పక్కన పెట్టేసేదాన్ని. ఆ రోజు పనిలో ఉన్నది ఎవరో మాత్రం చూడలేదు.

ఫుసాయె గారు కళ్లు తుడుచుకోలేదు. చేతిగుడ్డని నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

"అయితే ఈ పది రోజులూ ఆయన పనిలోనే ఉన్నారు. అంతేగా?"

"అంతే" అన్నాడు నెగొరో. తర్వాత నా వైపు చూశాడు. "ఈవిడ ఎదుటే అంటున్నాను మేడమ్, వెనకాల అనడం నాకిష్టం లేదు. ఈ కాగితం తప్పుడుదని బయటపడితే ప్రదర్శన ఆగిపోతుందా?"

"ఆపేస్తారు. విచారణ అయ్యేదాకా."

"పై నెల కొకురలో మావాళ్లు నలభై రెండు మందికి పనుంది. వేరే పనులు వదిలేసి ఇది ఒప్పుకున్నారు. ఆగితే వేసవంతా ఇళ్లలో కూర్చోవాలి. చెప్పొద్దని కాదు. చెప్పేముందు అది కూడా మీకు తెలియాలి, అంతే."

చెప్పి వెళ్లిపోయాడు. హాల్లో మళ్లీ సుత్తుల చప్పుడు మొదలైంది. నాకు ఆ గది ఇంకా చిన్నదైనట్టనిపించింది. నిజం చెబితే నలభై రెండు ఇళ్లు, నా ఉద్యోగం. నోరు మూసుకుంటే ఎదురుగా ఈ మనిషి. ఏ వైపు గడిలో ఏ రంగు వేసినా ఎవరో ఒకరు నలిగిపోతారు. గళ్లు వేసింది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టుకునే వీల్లేదు.

"నేను మిమ్మల్ని ఇరుకున పెట్టడానికి రాలేదమ్మా" అన్నారు ఫుసాయె గారు. "పోనీ, మీ నోటితో ఒక్క మాట చెప్పండి. ఈ కాగితం నిజమా, కాదా? కాదంటే చాలు. నేను వెళ్లి ఆయన చెవిలో చెప్తాను. ఆ పిల్ల మీకు నిజంగానే ఇచ్చిందట, మధ్యలో పోయిందట అని. దరఖాస్తు సంగతి తర్వాత. ఆయన మీ మీద కోపంగా లేరు గానీ, మీరు కూడా లెక్కచేయలేదనుకుని పడుకున్నారు."

ఈ మాటతో నాలో ఏదో తెగింది. ఇంతకు మించి ఆవిణ్ణి కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు.

"కాదండీ. నిజం కాదు" అన్నాను. "ఆ కాగితం ఇటివ్వండి. ఏ రోజున ఆయన ఏం పని చేశారో పని చీటీలు చూసి దీని వెనక రాసిస్తాను. సంతకం పెడతాను."

ఆవిడ రెండు చేతులతో అందించారు. కలం తీసి, కాగితం తిప్పబోతూ, అడుగున ఒక మడత ఉండటం గమనించాను. ఆవిడకి కావల్సింది గురువారం వరకే. అందుకని కింద భాగాన్ని వెనక్కి మడిచి ఉంచుకున్నారు. మడత విప్పాను.

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

విశ్రాంతి తీసుకున్నానని ప్రతి మనిషీ ఆ రోజు గడిలో తన ముద్ర వేయాలి. అది మా నియమం. కానీ వారం వారం కాగితాలు ఊళ్లకి పంపి, ముద్రలు వేయించి, తిరిగి తెప్పించుకోవడం ఎవరి తరం? అందుకే మాలాంటి ఆఫీసుల్లో అందరి ఇంటిపేర్లతోనూ చవక ముద్రలు కొని పెట్టె నిండా ఉంచుకుంటాం. ఎవరూ తప్పనుకోరు. ఏప్రిల్లో విశ్రాంతి గళ్లు రాసిన మధ్యాహ్నమే నేను కుజుమకి ముద్ర తీసి, ఒక్క ఊపులో వరసగా కొట్టుకుంటూ పోయాను. కనజవ, ఒకయామ, మత్సుయమ, కొకుర. పర్యటన చివరిదాకా. ఒక పని అయిపోయిందని ఆ రోజు హాయిగా కాఫీ తాగాను.

ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. రేపటి గడిలో ముద్ర ఉంది. వచ్చే బుధవారం, ఆ పై బుధవారం, ఆగస్టు వరకూ, ఇంకా తెల్లవారని రోజుల్లో కూడా కుజుమకి గారు విశ్రాంతి తీసుకున్నట్టు ఒప్పుకుంటూ ముద్రలున్నాయి.

ఇక నేను వెనక రాయాల్సిన అవసరమే లేదు. ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. ఈ కింది సగాన్ని ఒక్కసారి చూసినవాళ్లెవరైనా పై సగం కూడా బూటకమని చెప్పేస్తారు. ఫుసాయె గారి దరఖాస్తు నిలబడుతుంది. ఆ ముద్రలు కొట్టిన చెయ్యి ఎవరిదని అడిగితే చెప్పడానికి ఒక్కటే పేరుంది. అప్పుడు పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. దొంగ ముద్రకి శిక్ష ఉంది.

నా చేతులు నన్ను అడక్కుండానే ఆ మడతని మళ్లీ వెనక్కి వేసేశాయి. దీన్ని నేను సమర్థించుకోను. జరిగింది చెప్తున్నాను.

"ఏమైందమ్మా? అలా పాలిపోయారు?"

సమాధానం చెప్పేలోపల తలుపు తెరుచుకుంది. తోరిగొయె గారు. మెడ మీద చెమట, చేతిలో కవరు. ఫుసాయె గారిని చూడగానే లోతుగా వంగారు. పరామర్శ మాటలు ఒక్కటీ తడబడలేదు. తర్వాత కవరులోంచి కొత్త కాగితం తీశారు.

"అమ్మా, నిన్న మా ఆఫీసువాళ్లు పొరపాటున చిత్తుప్రతి పంపించారు. దరఖాస్తుకి అది పనికిరాదు. ఇదిగో, ఇది అసలైనది. ఆ పాతది నాకిచ్చేయండి, మీకు రైలు టైమవుతుంది."

కొత్త కాగితం బల్ల మీదకి వచ్చింది. నా గళ్లే, నా సంతకమే. కాకపోతే ముద్రలు కిందటి బుధవారంతో ఆగిపోయాయి. ఆ తర్వాతివన్నీ తెల్లగా ఉన్నాయి. ఆయన నా కళ్లలోకి ఒక్క క్షణం చూశారు. ఆ చూపులో బెదిరింపు లేదు, ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం కదా అన్నట్టుంది. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

"అలాగేనండీ, అనవసరంగా మిమ్మల్ని ఇంత దూరం తిప్పాను" అంటూ ఫుసాయె గారు లేచారు. ఆవిడ అలవాటు అది. ఎవరేది ఇచ్చినా ముందు తనదే తప్పంటారు. "మినెగిషి గారూ, ఆ కాగితం సార్‌కి ఇచ్చేయండి."

తోరిగొయె గారు చెయ్యి చాపారు.

"సార్" అన్నాను. "రెండింటిలోనూ పది విశ్రాంతులే ఉన్నాయి. రెండింటిలోనూ నా సంతకమే ఉంది. మరి పాతదానిలో తప్పేముంది?"

"ఏముంది మినెగిషీ, చిన్న విషయం. కింద తేదీలు..." అనేసి ఆయన నాలిక కరుచుకున్నారు.

ఫుసాయె గారు సంచీ మూస్తున్నవారల్లా ఆగారు. కొత్త కాగితం వైపు చూశారు, తోరిగొయె గారి చాచిన చేతి వైపు చూశారు. తర్వాత నా పక్కకి వచ్చి నిలబడి, నెమ్మదిగా తన చెయ్యి కూడా చాపారు.

"ఏ తేదీలమ్మా?"

అడిగింది ఆయన్ని కాదు, నన్ను. కాగితం నా చేతిలోనే ఉంది, మడత నా బొటనవేలి కింద ఉంది.